వేంగికి రాజు లేని ఇరవై ఏడేళ్ళు

ఖాదర్ నాటకంలోకి రావడానికి కారణం అతని గొంతు. అల్ ఖోబర్‌లో ఒక ఫ్లాట్‌లో ఏసీ బాగుచేస్తూ, కిటికీ అవతల ఉన్న తోటి టెక్నీషియన్‌తో "కరెంటు తియ్యప్పా, ముందు కరెంటు తియ్!" అని అరిచాడు. ఆ ఇంటాయన ఉదయకిరణ్ చేతిలో టీ కప్పుతో అలాగే ఆగిపోయాడు. ఆయనది రాజమండ్రి. ధహ్రాన్‌లో పైపులైన్ల ఇంజినీరు. ఈ అరబ్బు దేశపు తూర్పు ప్రాంతంలోని తెలుగువాళ్ళు ఏడాదికోసారి జరుపుకునే వేడుకకి నాటకం రాసుకుని, సగం పాత్రలకు మనుషులు దొరక్క తిరుగుతున్నాడు.

"మీదే ఊరండీ?"

"కర్నూలు జిల్లా సార్. పత్తికొండ దగ్గర."

"నాటకాలేమైనా వేశారా?"

"లేదు సార్. పీర్ల పండగలో ఒకసారి పులియేషం కట్టినా."

"చాలు," అన్నాడు ఉదయకిరణ్. "మీరు నాకు జటాచోడ భీముడండీ. పైగా ఆయన కూడా మీ వైపువాడే. పెదకల్లు నుంచి వచ్చాడంటారు."

కథంతా అప్పుడే చెప్పాడు. వేయేళ్ళ కిందట వేంగిని తూర్పు చాళుక్యులు ఏలేవారు. కర్నూలు వైపు నుంచి ఈ భీముడు వచ్చి, దానార్ణవుడనే రాజును చంపి గద్దె ఎక్కాడు. రాజు కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు పారిపోయి తంజావూరులో చోళుల పంచన చేరారు. ఇరవై ఏడేళ్ళ తరవాత రాజరాజ చోళుడి సైన్యం సాయంతో శక్తివర్మ తిరిగి వచ్చి, భీముణ్ణి ఓడించి, ఆరిపోయిన వంశాన్ని మళ్ళీ నిలబెట్టాడు. నాటకం పేరు 'చాళుక్య చంద్రుడు'. అది శక్తివర్మ బిరుదు.

ఖాదర్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి విన్నాడు.

"ఇరవై ఏడేండ్లు ఏలినాడంటే మంచిగనే ఏలింటాడు గదా సార్?"

"ఏమోనండీ. ఆ తరవాతి శాసనాల్లో ఏం రాశారో తెలుసా? దైవం వికటించి ఆ ఇరవై ఏడేళ్ళూ వేంగికి రాజే లేడని."

"ఉన్నాడు గదా?"

"ఉన్నాడు. కానీ లేడని రాశారు."

ఖాదర్‌కి అర్థం కాలేదు. "ఇంతకీ దానార్ణవుణ్ణి ఎందుకు చంపినాడు సార్?"

ఉదయకిరణ్ కాస్త ఇబ్బందిపడ్డాడు. "దానార్ణవుడు అంతకుముందు తన తమ్ముడు అమ్మరాజును చంపి రాజయ్యాడు. ఆ అమ్మరాజు మీ భీముడికి బావ వరస అంటారు."

"అట్లయితే ముందు తప్పు చేసింది వీళ్ళ నాయనే."

"అది మనం చూపించట్లేదండీ. టైమ్ చాలదు."

ఇంకెవరైనా అయితే ఈ కథ విని మరిచిపోయేవారే. ఖాదర్ మరిచిపోలేకపోవడానికి కారణం మూడు వారాల కిందట దమ్మామ్‌కి తిరిగొచ్చిన జబీ.

ఖాదర్ పనిచేసేది దమ్మామ్‌లో ఒక చిన్న ఏసీ మెయింటెనెన్స్ కంపెనీలో. ఇరవై రెండుమంది మనుషులు. ఐదేళ్ళుగా వాళ్ళకు ఫోర్‌మన్ అతనే. అంతకుముందు ఫోర్‌మన్ జబీ. ఆదోనివాడు, ఖాదర్ కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఖాదర్‌కి రాగి పైపు అతకడం నేర్పింది, ఎండలో మేడ మీద ఎంతసేపు నిలబడితే కళ్ళు తిరుగుతాయో చెప్పింది, మొదటి రంజాన్‌కు తన పళ్ళెంలో అన్నం పెట్టింది అతనే. కరోనా వచ్చిన ఏడాది ఫిబ్రవరిలో జబీ సెలవు మీద ఊరికి వెళ్ళాడు. విమానాలు ఆగిపోయాయి. "జబీ వచ్చేదాకా నువ్వు చూసుకో," అని ముదీర్ ఖాదర్‌కి పని అప్పగించాడు. ముదీర్ అంటే మేనేజరు, ఇక్కడివాడే. 'వచ్చేదాకా' అన్న మాట అలాగే సాగిపోయింది.

ఏడాదిన్నర తరవాత, ఊళ్ళలో చిక్కుకుపోయినవాళ్ళలో ఎవరి రీఎంట్రీ వీసా పొడిగించాలో, ఎవరిది వదిలేయాలో కంపెనీలు తేల్చుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఖాదర్ ఏదో పని మీద ఆఫీసుకి వెళ్ళాడు. అద్దం వెనక ముదీర్ చేతిలో కాగితం ఉంది. మాస్కు కిందికి లాగి అడిగాడు: "జబీ లాజిమ్?"

జబీ అవసరమా అని.

ఖాదర్ "షుగల్ మాషీ," అన్నాడు. పని నడుస్తోంది అని.

అంతే. ముదీర్ తలూపాడు. ఆ నెల గడిచాక జబీ రీఎంట్రీ చచ్చిపోయింది. వెళ్ళి తిరిగిరానివాళ్ళ జాబితాలో పడి, మూడేళ్ళపాటు మళ్ళీ రాకుండా నిషేధం పడింది.

ఆ రెండు మాటలు ఎందుకన్నాడో ఖాదర్‌కి ఇప్పటికీ తెలియదు. నిజంగానే పని నడుస్తోంది కాబట్టి అన్నాడా? అరబీలో అంతకంటే పెద్ద వాక్యం నోటికి రాక అన్నాడా? ఫోర్‌మన్‌గా ఉండడం అప్పటికే రుచి మరిగి అన్నాడా? ముదీర్ చేతిలో కాగితం మీద జబీ పేరు అప్పటికే కొట్టేసి ఉందా, తన మాట విన్నాక కొట్టేశారా? ఆలోచించిన ప్రతిసారీ ఒక్కో జవాబు నిజమనిపించేది. అందుకని ఆలోచించడం మానేశాడు.

ఇప్పుడు జబీ అదే కంపెనీకి కొత్త వీసా మీద మామూలు టెక్నీషియన్‌గా వచ్చాడు. కంపెనీ క్యాంపులో దిగినరోజే ఖాదర్‌ని కౌగిలించుకుని, "ఎట్లుండావు ఫోర్‌మన్ సాబ్?" అని నవ్వాడు. ఆ నవ్వు ప్రేమో, ఎగతాళో ఖాదర్ తేల్చుకోలేకపోయాడు. మర్నాటినుంచి జబీకి ఏం పని చెప్పాలన్నా ఖాదర్ నాలుక తడబడేది. "అన్నా, వీలైతే ఆ ఫిల్టర్లు..." అనేవాడు. జబీ మాట పూర్తికాకముందే లేచి వెళ్ళేవాడు.

ప్రతి శుక్రవారం జుమా నమాజ్ తరవాత రిహార్సల్. దమ్మామ్ బయట ఒక ఇస్తిరాహా అద్దెకు తీసుకున్నారు. చుట్టూ గోడ, మధ్యలో కాస్త పచ్చిక, రెండు గదులు. కథ చెప్పే పాత్ర హాజిరాది. దమ్మామ్‌లో పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పే టీచరు, గుంటూరు ఆవిడ. శక్తివర్మ వేషం వేయవలసిన అబ్బాయిని రెండో శుక్రవారమే కంపెనీవాళ్ళు రాబిగ్ రిఫైనరీ షట్‌డౌన్ పనికి పంపేశారు. ఉదయకిరణ్ తల పట్టుకున్నాడు. ఊరికే చూద్దామని ఖాదర్ వెంట వచ్చిన జబీ అక్కడున్న కాగితాలు తీసి, ఎవరూ అడగకుండానే చదవడం మొదలుపెట్టాడు.

"మా తండ్రి కూలిన రోజున నేను చిన్నవాణ్ణి భీమా. పరాయి కోటలో పరాయి అన్నం తిన్నాను. ప్రతి ఉదయం లేవగానే గోదావరి ఏ దిక్కున ఉందో చూసుకునేవాణ్ణి."

ఉదయకిరణ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"పదో తరగతి దాకా తెలుగు మీడియం సార్. పద్యాలన్నీ నోటికి చెప్పించేటోడు మా అయ్యవారు."

అలా జబీ శక్తివర్మ అయ్యాడు. ఖాదర్ ఒక మూల కూర్చుని చేతిలోని అట్టకత్తి వైపు చూశాడు. ఇది ఎవరో కావాలని చేస్తున్నారా అనిపించింది. కానీ ఎవరు చేస్తారు? జబీకి తెలుసేమో గానీ, ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

ఆ సాయంత్రం టీ తాగుతూ జబీ అడిగాడు: "సార్, గెలిచినాక ఈయప్ప ఏం చేసినాడు?"

"పన్నెండేళ్ళు ఏలాడు. బంగారు నాణేలు వేయించాడు. అవి బర్మా ఆరకాన్‌లో, సయాంలో కూడా దొరికాయి తెలుసా!"

"అది సరే. భీముని కింద ఇరవై ఏడేండ్లు పనిచేసినోళ్ళు ఉంటారు గదా. కోటకాపలావాళ్ళు, కరణాలు. వాళ్ళను ఏం చేసినాడు? పెట్టుకున్నాడా, తరిమినాడా?"

ఉదయకిరణ్ హాజిరా వైపు చూశాడు. ఆవిడ నవ్వింది. "నాకూ తెలీదండీ. పుస్తకంలో అంతవరకు ఉండదు."

ఖాదర్ టీ చల్లారిపోయింది. జబీ ఈ ప్రశ్న ఎవరి గురించి అడిగాడు? రాజు గురించా, తన గురించా? తరవాత హాజిరా ఒంటరిగా కనిపిస్తే దగ్గరికి వెళ్ళాడు.

"టీచరమ్మా, భీముడు చెడ్డోడేనా?"

"పిల్లలు కూడా అదే అడుగుతారు భాయ్. నేను తేదీలు చెప్పి ఆగిపోతాను. ఎవరు మంచి అన్నది మొదలెడితే బెల్లు కొట్టినా తేలదు."

"మీకేమనిపిస్తుంది?"

"భీముడి శాసనం ఒకటి కాంచీపురంలో ఉంది. వేంగి పోయాక కూడా ఊరుకోలేదు ఆయన, చోళుల మీదకే వెళ్ళి కాంచీదాకా పట్టుకున్నాడు. ఆ తరవాతే చచ్చిపోయాడు. అది చదివినప్పుడు జాలేసింది. దానార్ణవుడి పిల్లల గురించి చదివితే అప్పుడు వాళ్ళ మీద జాలేసింది. నన్నడక్కండి."

వేడుక ఇంకో మూడు రోజులుందనగా ముదీర్ ఖాదర్‌ని పిలిచాడు. ఒక పెద్ద కాంపౌండ్ పని కొత్తగా వచ్చిందనీ, అక్కడివాళ్ళకు పాతరోజులనుంచీ జబీ తెలుసనీ, అతనే ఫోర్‌మన్‌గా కావాలంటున్నారనీ చెప్పాడు. "ఒక గుంపుకి ఇద్దరు ఫోర్‌మన్లు కుదరదు. నువ్వు అతనితో పనిచేశావు. నువ్వే చెప్పు. జబీ లాజిమ్?"

అవే మాటలు. అదే అద్దం. ఖాదర్ ఆదివారం చెప్తానని బయటికొచ్చాడు. ఎండలో వ్యాన్ ఎక్కి, తాళంచెవి పెట్టి, ఎటు వెళ్ళాలో గుర్తురాక అలాగే కూర్చున్నాడు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజ్ దాటాక వేడుక మొదలైంది. పచ్చిక మీద రెండువందల కుర్చీలు. వేదిక మీద ఎర్ర కార్పెట్. నటులందరికీ కాలర్ మైకులు తగిలించారు. ఖాదర్‌కి గుబురు మీసం, బంగారు కాగితం అంటించిన కిరీటం. ఫోన్లు పైకెత్తి జనం వీడియోలు తీస్తున్నారు. హాజిరా గొంతు స్పష్టంగా వినిపించింది: "దైవం వికటించి, ఇరవై ఏడేళ్ళు వేంగికి రాజు లేకపోయెను."

రాజు అక్కడే సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీల్లో ఎవరో నవ్వారు.

చివరి యుద్ధం దాకా ఖాదర్ ఒక్క మాటా తప్పలేదు. "ఇరవై ఏడు వసంతాలు ఈ గద్దెను నా భుజాల మీద మోశాను! దానార్ణవుని బిడ్డా, కత్తి దూయి!" అన్నప్పుడు చప్పట్లు కూడా పడ్డాయి. జబీ కత్తి దూశాడు. మూడుసార్లు కత్తులు తగిలాక, నాలుగోసారి జబీ కత్తి ఖాదర్ చంక కింద నుంచి పోవాలి, ఖాదర్ కూలిపోవాలి. కత్తి పోయింది. ఖాదర్ కూలలేదు.

పడడం మరిచిపోయాడు. చెమటలో మెరుస్తున్న జబీ మొహం అడుగు దూరంలో ఉంది. రిహార్సల్‌లో ఇన్నిసార్లు కత్తులు కలిపినా ఆ కళ్ళలోకి నేరుగా చూడలేదు.

"పడప్పా," అన్నాడు జబీ పెదవులు కదపకుండా.

"అన్నా," అన్నాడు ఖాదర్ మెల్లగా. "ఆ పొద్దు ముదీర్ నన్నడిగినాడు. జబీ కావాల్నా అని. నేను పని నడుస్తాంది అంటి. నీ వీసా చచ్చింది నా నోటితోనేనేమో అన్నా."

కాలర్ మైకు సంగతి అతనికి గుర్తులేదు. ప్రతి అక్షరం స్పీకర్లలో పచ్చిక అంతటా వినిపించింది. రెండువందలమంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వేంగి నాటకంలో ముదీర్ ఎక్కణ్ణించి వచ్చాడు? పక్కన నిలబడ్డ ఉదయకిరణ్ చేతిలోని స్క్రిప్టు పేజీలు గబగబా తిరగేశాడు, అక్కడ లేదని తెలిసి కూడా.

జబీ కత్తి వెనక్కి తీయలేదు. మొహంలో ఏదో వచ్చి పోయింది. అప్పుడు గొంతు పెంచి, చాళుక్యరాజు ఠీవితోనే అన్నాడు: "భీమా! ఆ మాట యుద్ధం ముగిశాక. ముందు పడు!"

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఖాదర్ పడ్డాడు. నవ్వుల మధ్యే పట్టాభిషేకం జరిగింది. ఉదయకిరణ్ పరుగున వచ్చి, "ఇంప్రొవైజేషన్ అదిరిందండీ! అయినా నాకు ముందు చెప్పాలి కదా!" అని ఖాదర్ చేతులు ఊపాడు. ఖాదర్ తలూపాడు.

జబీ గది వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. ఖాదర్ వెళ్ళి కాస్త దూరంలో నిలబడ్డాడు.

"నీకు తెల్సనుకుంటి అన్నా."

"నాకెవరు చెప్తారు?" జబీ నీళ్ళు విదిలించాడు. "ఇప్పుడే తెల్సింది. రెండొందల మంది ముందర."

"మైకు ఉందని..."

"ఉండు. మాట్లాడొద్దు." కుళాయి కట్టేసి గోడకు ఆనుకున్నాడు. "ఆదోనిలో షాపు పెట్టినా. నడవలే. మూసేసినా. మా బిడ్డ అఫ్రీన్ పుట్టినప్పటినుంచి నన్ను ఫోన్లోనే చూసింది, మామా అని పిలిచేది తెల్సా? ఆ ఐదేండ్లలోనే నాయినా అనడం నేర్చుకుంది. సైకిలు నేనే నేర్పిచ్చినా. ఇప్పుడు నిన్ను కొట్టాల్నా, నీ చేయి పట్టుకోవాల్నా? నువ్వే చెప్పు."

జబీ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తిరుగుప్రయాణంలో కంపెనీ వ్యాన్‌లో వెనక సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగాడు. శనివారం ఒక్క మాటా మాట్లాడలేదు. సలాం చెప్తే సలాం చెప్పాడు, అంతే.

ఆదివారం ఉదయం ఖాదర్ అద్దం ముందు నిలబడి, ముదీర్ అడగకముందే చెప్పాడు. "జబీ లాజిమ్." తను అతని కింద పనిచేస్తానన్నాడు. ముదీర్ ఆశ్చర్యపోయినా ఒప్పుకున్నాడు. ఖాదర్ వెళ్ళకుండా అక్కడే ఆగి, వచ్చీరాని అరబీలో, మధ్యలో హిందీ కలిపి, చాన్నాళ్ళుగా గొంతులో ఉన్నది అడిగాడు. ఆనాడు నేను పని నడుస్తోందన్నందుకేనా జబీని వదిలేశారు?

ముదీర్ కనుబొమలు ముడిచాడు. "ఏ రోజు?"

"కరోనా తరవాత. మీ చేతిలో కాగితం ఉంది."

"నా చేతిలో ఎప్పుడూ కాగితం ఉంటుంది," అని నవ్వాడు ముదీర్. అలా అడిగినట్టు తనకు గుర్తే లేదన్నాడు. ఆ జాబితా రియాద్ ఆఫీసులో వేశారేమో అన్నాడు. మళ్ళీ కాదేమో, మేమే వేశామేమో అని కూడా అన్నాడు. ఫోన్ మోగితే అటు తిరిగాడు.

ఖాదర్ బయటికొచ్చాడు. తేలిపోతుందనుకున్నది ఇంకా చిక్కుపడింది. తను చేశాడో లేదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషికి గుర్తులేదు.

సోమవారం జబీ ఫోర్‌మన్ కాగితాలు చేతిలో పట్టుకుని ఆ రోజు పనులు చదివాడు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. ఐదేళ్ళు ఖాదర్ మాట విన్నవాళ్ళు ఇప్పుడు ఎవరి వైపు చూడాలో తెలియక ఇద్దరి వైపూ చూశారు. చివరికి ఖాదర్ పేరు మిగిలింది. "నువ్వు నాతో రా," అన్నాడు జబీ.

కాంపౌండ్ మేడ మీద ఎండ నిలువునా కొడుతోంది. ఇద్దరూ ఒక యూనిట్ కంప్రెసర్ విప్పారు. పదిగంటల దాకా పానా ఇవ్వు, గుడ్డ ఇవ్వు అన్నవి తప్ప మాటల్లేవు. అప్పుడు ఖాదర్ ముదీర్ చెప్పింది చెప్పాడు.

జబీ పని ఆపాడు. "అంటే నువ్వు చేయలేదా?"

"తెలీదన్నా."

"తెలీకుండానే అంతమంది ముందర చెప్పినావా?"

"తెలీకనే చెప్పినా. తెలిసింటే చెప్పకపోయేటోణ్ణేమో."

జబీ నీళ్ళ సీసా ఎత్తి తాగి, మిగిలింది ఖాదర్ చేతికిచ్చాడు.

"కోపం పోయిందా అన్నా?"

"పొద్దున ఉండె. ఇప్పుడు లేదు. సాయంత్రం మళ్ళా వస్తుందేమో, నాకెట్ల తెలుస్తుంది?" జబీ మోకాళ్ళ మీద వంగి రాగి అతికే మంట వెలిగించాడు. "పైపు గట్టిగా పట్టుకో. కదలనీకు."

ఖాదర్ రెండు చేతులా పట్టుకున్నాడు.